కార్డు మీద ఎవరి పేరు?

"అమ్మా, మీ కార్డు ఒకటి ఇస్తారా?"

కిందటేడు సంక్రాంతి ముందు గుంటూరులో ఒక ఎగ్జిబిషన్ జరిగింది. మా వీధి పిన్నిగారు అక్కడ పచ్చళ్ళు, పిండివంటలతో స్టాల్ పెట్టారు. సాయానికి నేనూ వెళ్ళాను. అక్కడ ఒకావిడ అడిగిన మాట అది. ఆవిడ కూతురికి పెళ్ళి కుదిరిందట. సారెలోకి అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు కావాలట. రుచి చూసింది, బాగా నచ్చాయి. పిన్నిగారు కొంగుతో చేతులు తుడుచుకుని డబ్బాలోంచి కార్డు తీసి ఇచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో మీ పేరేదండీ?" అంది.

పిన్నిగారు నవ్వేశారు. "మా వారి పేరుందిగా అమ్మా. ఎవరిదైతేనేం?"

పక్కనే కూర్చున్న నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే, ఆ కార్డు డిజైన్ చేసింది నేనే.

రెండు నెలల తరవాత విజయవాడ ఎగ్జిబిషన్‌లో అదే ఆవిడ మళ్ళీ కనిపించింది. "మీ నంబరుకి రెండుసార్లు ఫోన్ చేశానండీ. ఒకసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎవరో మగాయన ఎత్తి, అరిసెల సంగతి నాకు తెలీదు, ఆవిణ్ణి అడిగి చెప్తానన్నారు. మళ్ళీ కబురే లేదు. పెళ్ళి దగ్గర పడిందని వేరేచోట చేయించుకున్నాం" అంది. ఎంత చేయించారని అడిగితే, అన్నీ కలిపి నలభై కిలోలట!

బాబాయిగారు చెడ్డవారేం కాదు. బెల్లం బస్తా మోసేదీ, పిండి ఆడించుకొచ్చేదీ, స్టాల్‌కి సామాను చేరవేసేదీ ఆయనే. కానీ పాకం ఎప్పుడు దింపాలో ఆయనకు తెలీదు. కిలోకి ఎన్ని అరిసెలు తూగుతాయో తెలీదు. ఏ ఆర్డరు ఏ తారీఖుకి ఒప్పుకోవచ్చో అసలే తెలీదు. తెలియని మనిషి పేరు, నంబరు కార్డు మీద వేసి, తెలిసిన మనిషిని పొయ్యి దగ్గర దాచాం. ఆ దాచిన పాపంలో నాకూ వాటా ఉంది. ఆ రోజు బాబాయిగారు కాగితం మీద రాసిచ్చింది రాసిచ్చినట్టు టైపు చేశాను తప్ప, "పిన్నిగారి పేరు వేయక్కర్లేదా?" అని ఒక్క మాట అడగలేదు.

అప్పటి నుంచీ ఈ విషయం నా మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే ఇదంతా మీతో చెప్పుకోవాలనిపించింది.

నలభై నాలుగేళ్ళకి మౌస్ పట్టాను

మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుకి హాస్టల్‌కి వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు బొత్తిగా తోచేది కాదు. చిన్నప్పటి నుంచీ నాకు ముగ్గులు, బొమ్మలు, అక్షరాలు అంటే ఇష్టం. మా తెనాలిలోనే ఒక డి.టి.పి. సెంటర్లో మూడు నెలల కోర్సు ఉందంటే చేరాను. నేర్పే కుర్రాడు మా అబ్బాయి కంటే రెండేళ్ళు పెద్ద. "ఆంటీ, మౌస్‌ని అంత గట్టిగా పట్టుకోకండి, పారిపోదు" అనేవాడు. మావారు మొదట్లో "ఈ వయసులో నీకెందుకివన్నీ?" అన్నా, తరవాత సాయంత్రం కాఫీ ఆయనే పెట్టుకోవడం మొదలుపెట్టారు.

తెలుగు టైపింగ్‌కి ఒక కీబోర్డు పద్ధతి, కోరల్ డ్రాలో గీతలు గీయడం, ఫోటోషాప్‌లో బొమ్మ చుట్టూ వెనకభాగం తీసేయడం... ఇవన్నీ మూడు నెలల్లో వచ్చేశాయి. కానీ కార్డు చేయడం రాలేదు. అది తప్పులు చేశాకే వచ్చింది.

నా మొదటి కార్డు మా వదిన టైలరింగ్ షాపుకి. నెమలి, గులాబీ, కుట్టుమిషను, నాలుగు రకాల అక్షరాలు, ఐదు రంగులు అన్నీ పెట్టేశాను. ప్రెస్సు యజమాని చూసి, "అమ్మా, ఇది విజిటింగ్ కార్డా, శుభలేఖా?" అన్నాడు. మన దగ్గర మామూలుగా వాడే కార్డు 3.5 అంగుళాల పొడవు, 2 అంగుళాల ఎత్తు. ఆ కాస్త చోటులో ఊరంతా పట్టదని అప్పుడు తెలిసింది.

రెండో తప్పు రంగులది. కంప్యూటర్ తెర మీద చిలకపచ్చ రంగు ధగధగా మెరిసిపోయింది. అచ్చయి వచ్చేసరికి ఉడికిన బచ్చలికూరలా ఉంది. తెర మీది రంగు వెలుతురుతో పుడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిస్తే వచ్చేది. కాగితం మీది రంగు సిరాతో పుడుతుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు కలిస్తే వచ్చేది. తెర మీద కనిపించే రంగులన్నీ సిరాకి లొంగవు. చీర షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసిన రంగు ఇంటికొచ్చాక మరోలా కనబడుతుంది చూశారూ, ఇంచుమించు అలాంటిదే.

మూడో తప్పు నా డబ్బులు తినేసింది. ఫోన్ నంబరు కార్డు అంచుకి మరీ దగ్గరగా పెట్టాను. పెద్ద షీట్ మీద అచ్చయిన కార్డుల్ని దొంతి పెట్టి మిషన్‌తో కోస్తారు. కోసేటప్పుడు కాస్త అటూ ఇటూ జరగడం మామూలే. ఆ కాస్తలో ఆఖరి అంకె సగం ఎగిరిపోయింది. వెయ్యి కార్డులు చెత్తబుట్టలోకి! మళ్ళీ వేయించే ఖర్చు నేనే పెట్టుకున్నాను. అంచుదాకా రంగు ఉంటే ఆ రంగుని చుట్టూ మరో 3 మిల్లీమీటర్లు బయటికి సాగదీయాలి. అక్షరాల్ని అంచుకి కనీసం అంతే దూరం లోపలికి ఉంచాలి. ఈ పాఠం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ వెయ్యి కార్డులే చెప్పాయి.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా వరసలో నిలబడతాయి. మనవి అలా కాదు. తలకట్టు, గుడి పైకెక్కుతాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. "లక్ష్మి" అని రాసి చూడండి, కింద ఎంత చోటు కావాలో తెలుస్తుంది. వరసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరస ఒత్తు కింది వరస తలకట్టు మీద కూర్చుంటుంది. అక్షరం మరీ చిన్నదైతే ఒత్తుల్లోని సందులు సిరాతో పూడిపోయి నల్ల చుక్కలవుతాయి. కాబట్టి ఇంగ్లీషు పేరు కంటే తెలుగు పేరుని కాస్త పెద్దగా వేయాలి, కింద ఊపిరాడే చోటు వదలాలి.

మరో సంగతి. డి.టి.పి. సెంటర్లలో వాడే పాత తెలుగు ఫాంట్లు ఆ కంప్యూటర్‌లో ఉంటేనే తెలుగు. ఆ ఫాంటు లేని ప్రెస్సులో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు. అందుకని ప్రెస్సుకి పంపేముందు అక్షరాల్ని గీతలుగా మార్చేయాలి. ప్రెస్సు వాళ్ళు "కర్వ్స్ చేశారా?" అని అడిగేది ఇదే. ఒకసారి మార్చాక అక్షరదోషం దిద్దడం కుదరదు గనక, మార్చని కాపీ ఒకటి విడిగా దాచుకోవాలి.

చిన్న గుర్తు, పెద్ద పని

లోగో అంటే అందమైన బొమ్మ అనుకునేదాన్ని. ఇప్పుడు నాకొక పరీక్ష ఉంది. ఆ గుర్తు రబ్బరు స్టాంపు మీద నల్ల సిరాతో గుద్దితే తెలుస్తుందా? పచ్చడి సీసా మూత మీద కనిపిస్తుందా? ఫోన్‌లో వాట్సాప్ పక్కన ఉండే చిన్న గుండ్రంలో పోల్చుకోగలమా? ఈ మూడూ నెగ్గితేనే లోగో. మన రూపాయి గుర్తు చూడండి. డి. ఉదయకుమార్ గీసిన ఆ గుర్తుని ప్రభుత్వం 2010లో ఎంపిక చేసింది. దేవనాగరి 'ర'నీ, ఇంగ్లీషు 'ఆర్'నీ కలిపిన ఆ గుర్తుని కూరల బండి అబ్బాయి కూడా పలక మీద సుద్దతో రాసేస్తున్నాడు. ఎవరి చేతికైనా లొంగింది గనకే అంతగా అల్లుకుపోయింది.

ఇంకో కథ చెప్తాను. 1971లో అమెరికాలో కారొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని ఒక బూట్ల కంపెనీకి గుర్తు గీసిచ్చింది. ఆమెకు ముట్టింది 35 డాలర్లు. అదే ఇవాళ ప్రపంచమంతా తెలిసిన నైకీ గుర్తు. 1983లో కంపెనీ ఆమెను పిలిచి ఉంగరం, కొన్ని వాటాలు ఇచ్చి గౌరవించింది. కానీ అది కంపెనీ మంచితనం, ఆమె అడిగి పుచ్చుకున్న హక్కు కాదు. మనలో ఎంతమందికి పన్నెండేళ్ళ తరవాతైనా అలా పిలుపు వస్తుంది?

మనకైతే ఆ 35 డాలర్లు కూడా రావు. "నీకు వచ్చుగా, ఊరికే ఒకటి చేసిపెట్టు. రెండు నిమిషాల పనేగా!" ఆడపడుచు తరపు వాళ్ళు, అపార్ట్‌మెంట్ వాళ్ళు, మావారి స్నేహితులు అందరిదీ ఇదే పాట. అదే మావారిని ఎవరూ "ఊరికే మా లెక్కలు చూసిపెట్టండి" అనరు. ఆడది ఇంట్లో కూర్చుని చేసేది ఏదైనా కాలక్షేపమేనని లోకం అభిప్రాయం. నిజానికి ఆ లోకంలో మొదట నేనే ఉన్నాను. ఏడాది పాటు డబ్బు అడగడానికి నోరు రాలేదు.

ఒకరోజు గడియారం చూసుకుని రాసుకున్నాను. ఒక కార్డుకి, మాట్లాడటం, గీయడం, దిద్దడం, ప్రెస్సుకి తిరగడం అన్నీ కలిపి ఆరు గంటలు. అప్పటి నుంచి కార్డుకి ఐదొందలు, లోగోకి రెండు వేలు తీసుకుంటున్నాను. సగం ముందే. రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి విడిగా లెక్క. ఇదంతా ముందే కాగితం మీద రాసిస్తాను. కొంతమంది చుట్టాలు మొహం ముడుచుకున్నారు. ముడుచుకోనివ్వండి. డబ్బిచ్చిన వాళ్ళు మాత్రం నా మాట శ్రద్ధగా వినడం మొదలుపెట్టారు. ఇది నేను ఊహించని లాభం.

"ఎవరిదైతేనేం" అంటే కుదరదు

ఇక అసలు విషయం. నాలుగేళ్ళలో నేను చేసిన కార్డుల ఫైలు ఒకరోజు తెరిచి చూశాను. ఇంట్లో ఆడవాళ్ళు నడిపే వ్యాపారాలు... పచ్చళ్ళు, బ్లౌజుల మగ్గం వర్కు, బ్యూటీ పార్లరు, చీరల అమ్మకం, ట్యూషన్లు. పార్లర్లు, ట్యూషన్లు మినహాయిస్తే, ఎక్కువ కార్డుల మీద ప్రొప్రయిటర్‌గా ఉన్నది భర్త పేరో, కొడుకు పేరో! కొన్నింటి మీద మనిషి పేరే లేదు, ఇలవేల్పు పేరు, ఫోన్ నంబరు. దేవుడి పేరు తప్పకుండా పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. కానీ ఆర్డరు తప్పిపోతే దేవుడు ఫోన్ ఎత్తడు కదా!

కార్డే కదా, చిన్న ముక్క అనిపించొచ్చు. కానీ నేను గమనించింది వేరు. మొదట కార్డు మీద ఏ పేరు పడుతుందో అదే బిల్లు పుస్తకం మీదికి వెళ్తుంది. అక్కణ్ణుంచి బోర్డు మీదికి. తరవాత బ్యాంకులో కరెంటు ఖాతాకి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కీ అదే పేరు ఇస్తారు. ఆ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒక్క పైసా ఫీజు లేదు. అయినా అందులోనూ ఆయన ఆధారే ఇస్తారు. రేపు పెట్టుబడికి లోను కావలసివస్తే, మహిళల పథకం కింద అడగబోతే, పదేళ్ళుగా పొయ్యి దగ్గర చెమటోడ్చిన మనిషికి చూపించడానికి తన పేరున్న కాగితం ఒక్కటీ ఉండదు. పేరు ఒకచోట జారిందంటే వరసగా అన్నిచోట్లా జారుతుంది.

లిజ్జత్ పాపడ్ సంగతి అందరికీ తెలిసిందే. 1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ సంస్థ పూర్తి పేరు చదవండి: శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్. చేసేది ఆడవాళ్ళని పేరులోనే చెప్పేసింది. దానివల్ల అప్పడం రుచేమీ తగ్గలేదే!

ఈ మాట అన్నప్పుడల్లా నాకు రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "ఆడవాళ్ళ పేరు, నంబరు పదిమంది చేతుల్లో పెడితే అడ్డమైన ఫోన్లు వస్తాయమ్మా" అని. నిజమే. నాకూ వచ్చాయి. రాత్రి పదింటికి "లోగో కావాలి" అని మొదలుపెట్టి మీకు పెళ్ళయిందా అని అడిగినవాడున్నాడు. కానీ దానికి విరుగుడు పేరు దాచుకోవడం కాదు. వ్యాపారానికి విడిగా ఒక సిమ్ తీసుకోండి. దానిమీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకుని పనివేళలు రాయండి. వేళ దాటితే ఆ ఫోన్ కట్టేయండి. వెధవ ఫోన్లు వస్తే బ్లాక్ చేయండి. ఇంటి చిరునామా వేయడం ఇష్టం లేకపోతే వీధి పేరు, ఊరు చాలు. ఎవరో వెధవ ఫోన్ చేస్తాడని నలభై కిలోల ఆర్డరు వదులుకుంటామా?

రెండో జవాబు ఇంకా కష్టమైనది, ఎందుకంటే అది ఆడవాళ్ళ నోటి నుంచే వస్తుంది. "నా పేరెందుకులే. ఆయన చిన్నబుచ్చుకుంటారు." ఇలాంటప్పుడు నేను వాదించను. "ఇద్దరి పేర్లూ వేద్దాం, ఫోన్ నంబరు మాత్రం పని తెలిసిన వాళ్ళది వేద్దాం" అంటాను. చాలామంది మగవాళ్ళు ఇందుకు అభ్యంతరం చెప్పరు. వాళ్ళకి ఆ ఆలోచనే రాలేదు, అంతే. ఆ ఆలోచన తెప్పించాల్సింది కార్డు చేసే మనిషి. ప్రెస్సులో కూర్చున్న అబ్బాయి ఆ ప్రశ్న అడగడు, కాగితం మీద ఉన్నది కొట్టి పంపిస్తాడు. నేనూ ఒకప్పుడు అదే చేశానుగా!

అందుకే ఈ పని మరింతమంది ఆడవాళ్ళు నేర్చుకోవాలంటాను. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఇంక్‌స్కేప్ అనే ప్రోగ్రాం ఉచితం. కాన్వా ఫోన్‌లోనే నడుస్తుంది. 2013లో దాన్ని ప్రారంభించిన వాళ్ళలో ఒకరు మెలానీ పెర్కిన్స్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి. ఉచిత తెలుగు యూనికోడ్ ఫాంట్లు బోలెడున్నాయి. మొదటి నెల కార్డులేవీ చేయకండి. ఇంటికొచ్చిన కార్డులు పోగుచేసి ఏది చదవగలుగుతున్నారో, ఏది చదవలేకపోతున్నారో, ఎందుకో రాసుకోండి. ఒకరోజు ప్రెస్సులో నిలబడి కటింగ్ మిషన్ చూడండి. ఫోన్ నంబరుని అచ్చుకి ముందు ఒకసారి డయల్ చేసి మరీ చూడండి.

"ఇంకా ఇవన్నీ ఎందుకాంటీ, ఏఐకి ఒక్క మాట చెప్తే పది లోగోలిస్తుంది" అంటాడు మా అబ్బాయి. ఇస్తుంది, నేనూ వాడి చూశాను. తెలుగు ఒత్తుల్ని ఎక్కడెక్కడో అతికించింది, అది రేపు బాగుపడొచ్చు. కానీ అడిగింది ఇవ్వడమే దాని పని. "అరిసెలు వండేదెవరు? ఫోన్ ఎత్తాల్సిందెవరు?" అని అది ఎదురు ప్రశ్న వేయదు. ఆ ప్రశ్న వేసే మనిషి కావాలి.

మొన్న ఉగాదికి పిన్నిగారి కార్డు మళ్ళీ చేశాను. ఈసారి డబ్బు తీసుకోలేదు, అది నా తప్పుకి జరిమానా. పైన పిన్నిగారి పేరు, పక్కన ఆవిడ కొత్త నంబరు, కింద 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు. గుర్తుగా అరిసెల చెక్కల మధ్య ఒత్తిన ఒక గుండ్రటి అరిసె, అంతే. బాబాయిగారు కార్డు కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకుని చదివి, "మరి నాదో?" అన్నారు. "మీ పేరు రెండో వైపు ఉంది చూడండి, సప్లయికి మిమ్మల్నే అడగమని" అన్నాను. తిప్పి చూసుకుని, "ఇదే సరైంది. ఆ పాకాల గురించి అడిగితే నేనేం చెప్పను?" అన్నారు.

పిన్నిగారు మాత్రం వెంటనే నాకొక తప్పు చూపించారు. తన పేరులో దీర్ఘం పోయిందట! యాభై ఎనిమిదేళ్ళ వయసులో, తన పేరు అచ్చులో తప్పు పడిందని ఆవిడ పట్టుబట్టడం అదే మొదటిసారి. దిద్ది ఇచ్చాను. రెండో ప్రూఫ్ చూశాకే వెయ్యి కార్డులు వేయించారు.

మీ ఇంట్లోనూ ఏదో ఒక పెట్టెలో ఒక కార్డు ఉండే ఉంటుంది. ఒకసారి తీసి చూడండి. పని ఎవరిదో, పేరు ఎవరిదో సరిపోల్చుకోండి.